బస్సు లైట్లో నీళ్లు

"ఈ పనిలో నన్ను మించినవాడు లేడని నేననను. విన్నాక మీరే అంటారు," అన్నాడు లైట్ల బాబాయి, టీ కొట్టు బల్ల మీద కాళ్లు మడుచుకు కూర్చుంటూ. బండ్ల హెడ్‌లైట్లలో చేరిన చెమ్మ తీయడం ఆయన పని. షెడ్డులో ఆయనతోపాటు పనిచేసే బావమరిది పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు.

"సోమవారం ఒక వ్యాను వచ్చింది. లైటు నిండా మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. ఇంకొకడైతే కొత్తది కొనుక్కోమని చేతులు దులుపుకునేవాడు. నేను వెనక మూత తీశా, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టా, కొత్త బూట్ల డబ్బాలో పెడతారే తెల్ల గుళికల పొట్లం, అదొకటి లోపల పడేసి, చుట్టూ గమ్ము పూసి మూసేశా. అరగంట పని!"

"అంతేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"అంతేనా అంటాడేంటయ్యా! మంగళవారం బస్సొచ్చింది. డ్రైవరు ఒట్టి బల్బు మార్చమన్నాడు. ఒరేయ్, నీ లైట్లో చెరువుందిరా అన్నా. మూత తీస్తే బకెట్టు నీళ్లు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో బకెట్టు! మూడో బకెట్లో చేప!"

"ఎంత చేప బాబాయ్?"

"జానెడు. తోకాడిస్తోంది కూడా! బుధవారానికి ఆ చెమ్మ ఊరంతా అంటుకుంది. ఏ బండి చూసినా లైటు చుట్టూ తెల్లటి పొగ, రంగురంగుల వలయం. వీధి దీపాలక్కూడా! నిచ్చెనేసుకుని వీధి వీధంతా తుడిచా. ఇక నిన్న పొద్దున సూర్యుడికే చెమ్మ పట్టింది. మసకమసకగా లేచాడు పాపం. డ్రయ్యర్‌కి పొడుగాటి వైరు తగిలించి, మేడెక్కి, పైకి పట్టుకున్నా. పది నిమిషాల్లో పెళపెళా ఎండ! మీరంతా బట్టలారేసుకున్నారే, అది నా చలవే!"

"గుళికల పొట్లం వేశావా మరి?"

"ఒక పొట్లం ఏ మూలకి? బస్తా వేశా!"

అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. బావమరిది నవ్వలేదు.

"బావా, ఆ బస్సు లైట్లో నీళ్లు లేవు."

"సర్లేరా, మూడు కాదు, ఒక బకెట్టే..."

"చుక్క కూడా లేదు. వ్యాను లైటూ పొడిగానే ఉంది. ఈ నెల నువ్వు విప్పినవన్నీ పొడి లైట్లే. నువ్వు భోజనానికెళ్లాక నేను మళ్లీ బిగిస్తున్నా. గమ్మంతా అద్దం మీద పూస్తున్నావు బావా. తేడా లైట్లలో లేదు. నీ కళ్లలో ఉంది."

బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. "మీ అక్కకి తెలుసా?"

"చెప్పమని పంపిందే అక్క. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నావట. కంటి డాక్టరు దగ్గరికెళ్దామంటే మాట దాటేస్తున్నావట."

బాబాయి బల్ల మీంచి కాళ్లు కిందికి దించాడు.

"రెండు నెలలైందిరా," అన్నాడు చివరికి. "కుడికన్ను ముందు మసకేసింది. ఇప్పుడు రెండోదీ. కళ్లని చెబితే షెడ్డు మూసెయ్యమంటారు. లైట్లదే తప్పనుకుంటే... పొద్దున్నే లేచి పనికి రాబుద్ధయ్యేది."

మావైపు తిరిగాడు. ఆ చూపు మాలో ఎవరిమీదా ఆగలేదు.

"ఎవరైనా నవ్వుతున్నారా రా?" అని బావమరిదిని మెల్లగా అడిగాడు.

"లేదు బావా. ఎవరూ నవ్వట్లేదు."

"అయితే ఇంటికి పద," అని చెయ్యి చాచాడు.