తెలిసిన చేతికే కదిలే కేజ్

1989 మార్చి 14, మంగళవారం ఉదయం తుయుక్-సాయ్ బంగారు గని రెండో నంబరు షాఫ్ట్ వైండింగ్ గదిలో సహాయ ఆపరేటరుగా శ్రీమతి కలీపా జుమాబాయెవా గారు విధుల్లో చేరారు. అప్పటికి వారి వయసు ఇరవై మూడేళ్లు. ఆ రోజు మంచు మోకాలి లోతున కురిసింది. బస్సు కనుమ అవతలే ఆగిపోతే వారు చివరి నాలుగు కిలోమీటర్లూ నడిచి వచ్చారు. పది నిమిషాలు ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పుకున్నారు. ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగ జీవితంలో వారు ఆలస్యంగా రావడం అదే మొదలు, అదే ఆఖరు. 2024 సెప్టెంబరు 30న పదవీ విరమణ చేస్తున్న వారిని సహోద్యోగుల పక్షాన అభినందిస్తూ ఈ నాలుగు మాటలు.

వైండింగ్ ఆపరేటరు ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. మనుషుల్ని గనిలోకి దించి, పైకి తెచ్చే ఇనుప కేజ్‌ని నడిపే మనిషికి ఆ కేజ్ కనబడదు. షాఫ్ట్‌కి ఎనభై అడుగుల దూరంలో ఇటుకల గది, అందులో మనిషి ఎత్తుకి రెండింతలుండే ఇనుప డ్రమ్ము, దాని మీద చుట్టుకునే తాడు, లోతు చూపించే ముల్లు, ఒక బ్రేకు మీట, ఒక గంట. అంతే. మూడువందల నలభై మీటర్ల కింద ఉన్న సంకేతగాడు తీగ లాగితే పైన గంట మోగుతుంది. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పైకి, మూడు కొడితే కిందికి. ఇరవైమంది ప్రాణాలు ఆ తాడుకి వేలాడుతుంటే ఆపరేటరుకి వినబడేది ఆ గంట ఒక్కటే.

కలీపా గారు ఆ గంటని లెక్కపెట్టడం నేర్చుకున్నారు, ఆ తర్వాత వినడం నేర్చుకున్నారు. తీగ లాగే చెయ్యిని బట్టి గంట మారుతుందని వారు మొదటి చలికాలంలోనే కనిపెట్టారు. ఒకరిది బరువు చెయ్యి, ఒకరిది తడబడే చెయ్యి. 1990లో కింద సంకేతగాడిగా చేరిన సదిర్‌బెక్ గారు రెండు గంటల మధ్య నింపాదిగా ఊపిరి పీల్చుకునేంత వ్యవధి ఇచ్చేవారు. ఇంట్లో గొడవ పడి వచ్చిన రోజున ఆ ఊపిరి సగమయ్యేది.

"సదిర్ బైకె, ఇవాళ వదినతో మళ్లీ మొదలుపెట్టావా?" అని కలీపా గారు ఫోనులో అడిగేవారు.

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు. ఇప్పుడే, రెండుసార్లు."

పెద్దన్నని బైకె అనీ, అక్కని ఎజె అనీ పిలుచుకునే ఊరు మాది. పదేళ్లు తిరక్కుండానే కలీపా గారు ఊరందరికీ ఎజె అయ్యారు, తమకన్నా పెద్దవాళ్లకి కూడా.

ఇక 1997 అక్టోబరు సంగతి. ఈ సంచిక చదివే యువతరం దీన్ని ముక్కలుముక్కలుగా విని ఉంటుంది కనుక జరిగింది జరిగినట్టు చెప్పడం అవసరం.

పట్టణం నుంచి తనిఖీ బృందం వచ్చింది. ఉదయం పదకొండింటికి వాళ్లు కింద చూడవలసిందంతా చూసి కేజ్ ఎక్కారు. గంట మోగింది. రెండు. పైకి లాగమని.

కలీపా గారు మీట మీద చెయ్యి వెయ్యలేదు. ఆ రెండు గంటలూ ఎవరో తలుపు తట్టినట్టు టకటకా మోగాయి. మధ్యలో ఊపిరి లేదు.

మళ్లీ మోగింది. ఈసారి ఇంకా గట్టిగా. ఆపైన ఫోను మోగింది.

"ఎవరమ్మా నువ్వు? లాగమని రెండు కొట్టాను కదా!" అన్నారు తనిఖీ అధికారి.

"మీరు కొట్టారు కాబట్టే లాగడం లేదు. సదిర్ బైకె ఎక్కడ?"

"ఇక్కడే ఎక్కడో ఉన్నాడు."

"ఆ ఎక్కడో ఏదో చూసి చెప్పండి."

షిఫ్టు అధికారి ఆయాసపడుతూ గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. "కలీపా! కింద ఎవరున్నారో తెలుసా? లాగు!"

"ఎవరున్నారో తెలుసు. ఎవరు లేరో తెలియాలి."

పదకొండు నిమిషాలు. అంతసేపూ షిఫ్టు అధికారి అరుస్తూనే ఉన్నాడు, వారి చేతులు ఒడిలోనే ఉన్నాయి. ఆఖరికి కింద ఎవరో వంగి చూశారు. కేజ్ అంచుకి ఖనిజం తొట్టి చక్రం ఒకటి ఇరుక్కుని ఉంది. దాన్ని విడిపించడానికి సదిర్‌బెక్ గారు తలా, కుడిచెయ్యీ ఆ సందులో పెట్టి ఉన్నారు. నెత్తిమీద ఎవరో తీగ లాగడం వినబడినప్పుడు కళ్లు మూసుకోవడానికి తప్ప ఆయనకి వ్యవధి లేకపోయింది. చెయ్యి ఇరుక్కుని ఆయన పెట్టిన కేకలు పంపుల హోరులో ఎవరికీ వినబడలేదు.

కాసేపటికి తీగ కదిలింది. ఒకటి. ఊపిరి. రెండు. కలీపా గారు కేజ్‌ని పైకి తెచ్చారు.

సదిర్‌బెక్ గారు తిన్నగా వైండింగ్ గదికి వచ్చి బల్ల మీద కూలబడ్డారు.

"టీ ఉందా?"

"ఉంది."

"పంచదార?"

"అయిపోయింది."

"చావు తప్పించుకొచ్చినవాడికి పంచదార లేని టీయా?"

"రేపు తెస్తాలే. రేపు కూడా ఉంటావుగా."

తనిఖీ బృందాన్ని పదకొండు నిమిషాలు నిలబెట్టినందుకు కలీపా గారికి లిఖితపూర్వకంగా మందలింపు వచ్చింది. దాన్ని వారు కెటిల్‌కి పైన గోడకి మేకుతో కొట్టారు. ఆవిరికి అక్షరాలు చెదిరిపోయినా కాగితం మాత్రం నిన్నమొన్నటి దాకా అక్కడే ఉంది. ఆ తర్వాత మా గనిలో ఒక ఆచారం స్థిరపడింది. కొత్త సంకేతగాడు ఎవరు చేరినా వారంరోజులపాటు ఎజెకి తన చెయ్యి వినిపించాలి. చెయ్యి తెలియకపోతే కేజ్ కదలదు.

ఆపైన మా ఊరు చిక్కిపోవడం మొదలైంది. మొదటి షాఫ్ట్ మూతపడింది. తొమ్మిదివేలమంది ఉన్న ఊళ్లో ఆరువందలమంది మిగిలారు. సినిమాహాల్లో ఎండుగడ్డి నిలవ చేస్తున్నారు, దాన్ని తినడానికి వచ్చిన గుర్రాలు మొదటి వరసలోనే నిలబడతాయి. కలీపా గారు పదిమందికి పని నేర్పితే పదిమందీ కనుమ దాటి వెళ్లిపోయారు. పదకొండో మనిషి నుర్జాత్, ముప్ఫై ఏళ్ల వయసున్న సంగీతం టీచరు. బడిలో పిల్లలు తొమ్మిదిమందికి తగ్గాక ఈ పనికి వచ్చింది. అక్టోబరు నుంచి కనుమ అవతలి గనిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. కావలసింది లైసెన్సు. లైసెన్సు మీద కావలసింది కలీపా గారి సంతకం.

మరొక సంగతి ఊరందరికీ తెలుసు. ఇన్నేళ్లలో కలీపా గారు ఒక్కసారి కూడా గనిలోకి దిగలేదు. మొదట్లో ఆడవాళ్లు దిగకూడదని నిబంధన. నిబంధన పోయాక పాతవాళ్ల నమ్మకం అడ్డొచ్చింది. ఆడమనిషి దిగితే బంగారం రాతిలో ఇంకా లోపలికి జరుగుతుందట.

"నేను పైన కూర్చున్నా అది మిగల్లేదుగా. మీరే తవ్వి అయిపోగొట్టారు," అనేవారు వారు.

నమ్మకం కూడా పోయాక, వారు దిగితే పైన మీట పట్టేవాళ్లు లేకపోయారు. రెండో షాఫ్ట్ కూడా మూసేస్తున్నారనీ, సెప్టెంబరు 27, శుక్రవారం సాయంత్రం నీళ్లు తోడే పంపులు ఆపేస్తారనీ ప్రకటన వచ్చింది. ఆపితే అడుగుమట్టం నీళ్లలో మునిగిపోతుంది. తమ కేజ్ ముప్ఫై అయిదేళ్లుగా ఎక్కడికి వెళ్లి వస్తోందో ఒక్కసారి కళ్లారా చూడాలని ఉందని కలీపా గారు మొట్టమొదటిసారి యాజమాన్యాన్ని ఒక కోరిక కోరారు.

ప్రధాన ఇంజినీరు గెన్నాడి పావ్లొవిచ్ గారు వెంటనే ఒప్పుకున్నారు. "పైన లైసెన్సున్న మనిషి ఉండాలి, అంతే. నుర్జాత్ కాగితం మీద సంతకం పెట్టండి. రేపే దిగండి."

కలీపా గారు పెట్టలేదు.

"నా సరదా కోసం సంతకం పెడితే, అవతల ఆ పిల్ల చేతిలో వేలాడేవాళ్లకి నేనేం జవాబు చెప్పను?"

నుర్జాత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయిదు నెలలైంది ఎజె. ఇంకా ఏం చూడాలి?"

"నీకు మంచి చెవి ఉంది. కానీ గంట మోగగానే చెయ్యి ముందు పోతోంది, చెవి తర్వాత పోతోంది."

"ఎప్పుడో ఒకసారి..."

"ఆ ఒకసారే చాలు, పిల్లా."

బుధవారం వచ్చింది. కింద నుంచి సదిర్‌బెక్ గారు ఫోను చేశారు. "నా ఇంటికి నువ్వు ఒక్కసారీ రాలేదు కలీపా. ఎల్లుండి తర్వాత వద్దామన్నా ఈదుకుంటూ రావాలి."

"ఈత రాదు."

"మరి సంతకం పెట్టు."

"పెట్టను."

గురువారం మధ్యాహ్నం కలీపా గారు నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని ఇంజినీరు గారి గదికి వెళ్లారు. చివరి పరీక్షలో అభ్యర్థి కేజ్ నడుపుతున్నప్పుడు పరీక్షాధికారి హాజరై ఉండాలని అందులో రాసి ఉంది. ఎక్కడ కూర్చోవాలో రాసి లేదు.

"నేను కేజ్‌లో కూర్చుంటాను. అత్యవసర బ్రేకు దగ్గర మీరు కూర్చోండి. బరువు నేనొక్కదాన్నే. అది తప్పు చేస్తే పరీక్ష పెట్టినదాని మీదే పడుతుంది," అన్నారు.

గెన్నాడి పావ్లొవిచ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్ఫై అయిదేళ్లలో మొదటిసారి మీరు అడ్డదారి వెతికారు."

"అడ్డంగా కాదు, నిలువుగానే వెళుతున్నాను."

శుక్రవారం ఉదయం పదింటికి వారు హెల్మెట్ పెట్టుకుని, సంతకం లేని కాగితం జేబులో పెట్టుకుని కేజ్ ఎక్కారు. దిగుతున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నారు. భయంతో కాదు, పరీక్ష పెడుతూ. ఇరవై మీటర్ల దగ్గర కాస్త తొందర. నూట అరవై దగ్గర సర్దుకుంది. అడుగున కేజ్ కాలికి తెలియకుండా ఆగింది.

సున్నం వేసిన రాతిగోడ, ఒక దీపం, ఒక ఫోను, ఒక ముక్కాలిపీట. బోర్లించిన తొట్టి మీద సదిర్‌బెక్ గారు గుడ్డ పరిచి, నూనెలో వేయించిన పిండిముక్కలు బూర్సోక్‌లు, టీ సిద్ధంగా పెట్టారు. వారి కప్పులో మూడు చెంచాల పంచదార వేశారు.

"ఇంతేనా?" అన్నారు కలీపా గారు చుట్టూ చూసి.

"ఇంతే. రాజభవనం అనుకున్నావా?"

వారు టీ తాగారు, గోడ మీద చెయ్యి వేసి చూశారు. సదిర్‌బెక్ గారి అరచేతి ఒరిపిడికి అద్దంలా మెరుస్తున్న తీగ పిడిని చాలాసేపు చూశారు. ఇద్దరూ కేజ్ ఎక్కారు. పిడి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది.

"బైకె, ఒకసారి నేను కొట్టనా?"

"అడగాలా? నీ గంటే."

కలీపా గారు తీగ లాగారు. రెండుసార్లు. నింపాదిగా, మధ్యలో ఊపిరి విడిచి, ముప్ఫై నాలుగేళ్లుగా విన్నట్టే.

కేజ్ కదల్లేదు.

మళ్లీ లాగారు. కదల్లేదు. సదిర్‌బెక్ గారు మీసం చాటున నవ్వు దాచుకుంటుండగా ఫోను మోగింది.

"ఎవరు కొడుతున్నారు? సదిర్ బైకె ఎక్కడ?" అంది నుర్జాత్.

"నేనే పిల్లా! లాగు!"

"మీ చెయ్యి నాకెలా తెలుస్తుంది ఎజె? మీరెప్పుడూ కొట్టలేదు. బైకెకి ఫోనివ్వండి."

"పక్కన ఇంజినీరు గారు లేరూ? ఆయన లాగమనడం లేదూ?"

"అంటున్నారు. అరుస్తున్నారు కూడా. నేను లాగను."

కలీపా గారు ఫోను సదిర్‌బెక్ గారి చేతికిచ్చి, వెనక్కి తిరిగి, జేబులోంచి కాగితం తీశారు. కేజ్ ఇనుప గోడకి ఆనించి, అడుగుమట్టంలోనే, పైకి రాకముందే సంతకం పెట్టారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆ దీపం వెలుగులో తెలియలేదని సదిర్‌బెక్ గారు చెప్పారు. ఆ తర్వాత ఆయన చెయ్యి చాచి తీగ లాగారు. ఒకటి. ఊపిరి. రెండు. అప్పుడు కేజ్ కదిలింది.

పైన నుర్జాత్ తల వంచుకుని నిలబడింది. "కోపం వచ్చిందా ఎజె?"

"రాదా మరి? రెండు నిమిషాలు చలిలో నిలబెట్టావు," అంటూ వారు ఆ పిల్ల నుదుటిమీద ముద్దు పెట్టి, కాగితం చేతిలో పెట్టారు.

సాయంత్రం నాలుగింటికి పంపులు ఆగాయి. మర్నాడు సదిర్‌బెక్ గారు గంటనీ, తీగనీ, పిడినీ విప్పుకెళ్లి పై వీధిలో కలీపా గారి నీలం గేటుకి బిగించారు. కూతురు నగరానికి రమ్మంటే, ఆరువందలమందిని వదిలి ఎక్కడికొస్తానన్నారు వారు. కనుక మిత్రులారా, ఎజె టీ తాగాలనుకునేవాళ్లం మనమిక ఆ గేటు దగ్గరే మోగించాలి. మన చేతులన్నీ వారికి తెలుసు. తలుపు తీస్తారు.

శ్రీమతి కలీపా జుమాబాయెవా గారికి సంపూర్ణ ఆరోగ్యం, తియ్యని టీ, వందేళ్లకి తగ్గని ఆయుస్సు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. ఏదో ఒకనాడు వారిని తీసుకుపోవడానికి తెలియని చెయ్యి ఒకటి వచ్చి ఆ గంట మోగించకపోదు. అప్పుడు కూడా వారు తమ పద్ధతి మార్చుకోకూడదు. ఎవరని అడగాలి, సదిర్ బైకె ఎక్కడో చూసి చెప్పమనాలి. చేతులు ఒడిలో పెట్టుకుని, అవతల ఎంత అరిచినా, కదలకుండా కూర్చోవాలి.