చెవిలో చెప్పిన తమిళ సినిమా

మా ఆయన పోయాక, యాభై దాటి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే నాకు చాలా రోజులు పట్టింది.

అరబ్బుల ఇళ్లలో పనిచేసే ఇద్దరు కోనసీమ ఆడవాళ్లు సెలవు రోజున దుబాయ్‌లో తమిళ సినిమాకి వెళ్లారు. తెర మీద మెకానిక్ షెడ్డులో పనిచేసే పిల్లలు. ఒక్క ముక్కా అర్థం కాక పెద్దావిడ పక్కనున్న చిన్నావిడని గిల్లింది.

“ఆ గ్రీజు మొహం పిల్ల వాళ్లమ్మతో ఏమంటోందే?”

“బళ్ల రిపేరు నేర్చుకుంటానంటోంది వదినా.”

“మా పిల్లకున్న జబ్బే! తల్లి ఏమంది?”

“ఆడపిల్లకి రెంచీలేంటి, నర్సింగు చదువు అంది.”

“బాగా అంది. నేనూ అదే అన్నాను.”

“పిల్ల ఏడుస్తోంది చూడు. రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయమ్మా, ఐటీఐలో సీటొచ్చింది, చేరడానికి రేపే ఆఖరు, అమలాపురంలో హాస్టలు కూడా ఉంది అంటోంది.”

“అరవ పిల్లకి అమలాపురంలో హాస్టలేంటే?”

చిన్నావిడ గుప్పెడు పాప్‌కార్న్ నోట్లో కుక్కుకుంది.

“మా పిల్ల నీకు ఫోన్ చేసిందా?”

“పొద్దున్నే చేసింది. నువ్వు ఎత్తడం లేదంట కదా!”

తెర మీద ఆ పిల్ల మొరాయించిన బండిని ఒక్క తన్నుతో స్టార్ట్ చేసింది. హాలంతా ఈలలు. పెద్దావిడకి కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.

“ఖలాస్, ఇక చాలు. చేరమంటాను, ఫోన్ కలుపు. ఇంతకీ సినిమాలో ఆ పిల్ల నిజంగా ఏమందే?”

“నాకేం తెలుసు?”

“అదేంటే, నువ్వు పనిచేసే ఇంట్లో వంటావిడ తమిళావిడ కదా!”

“ఆవిడా నేనూ మాట్లాడుకునేది అరబీలో వదినా!”

— కుడుపూడి నాగరత్నం, అరవై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం ఉండేది నైఫ్, దుబాయ్.