మా పెళ్లికి ఆగిన మంద

ఏంటే బ్రయర్, అలా కిటికీ దగ్గర నిలబడిపోయావు? కొండ మీద మంచు పడిందనా? ఇంకా చలికాలం రానేలేదు, ఏప్రిల్లో మంచేంటి తాతా అంటే నేనేం చెప్పేది, మన కొండకి క్యాలెండర్ చదవడం ఎవరు నేర్పారని. కూర్చో, టీ పోసుకో. నిన్న మధ్యాహ్నం నేను చొక్కా విప్పేసి బంగాళాదుంపలు తవ్వాను. ఇవాళ చూడు, రెండు స్వెట్టర్లు వేసుకున్నా. ఇక్కడంతే. రోడ్డుకి ఇటు పక్క వాన, అటు పక్క దుమ్ము. ఒకసారి మన కిల్‌బ్రేలో మాంసం కొట్టు హెక్టర్‌కీ పోస్టాఫీసు మిస్ డాల్గ్లిష్‌కీ పెద్ద గొడవ, మంగళవారం వాన పడిందా లేదా అని. ఆవిడ నా బట్టలు తడిసిపోయాయంటుంది, ఆయన నా గుమ్మం ముందు ఒక్క చుక్క లేదంటాడు. ఇద్దరి ఇళ్లకీ మధ్య ఎంత దూరం, మూడొందల గజాలు. నెల రోజులు మాటల్లేవు. ఇద్దరూ చెప్పింది నిజమే, అదీ తమాషా. ఆ గొడవ తీర్చింది మర్డోనే. "ఈ ఊళ్లో వానకి ఇంటి నంబర్లు తెలుసు" అన్నాడు, అంతే, ఇద్దరూ నవ్వేశారు.

మర్డో ఎవరంటావా? మర్డో మకాస్కిల్. మీ నాన్నకి చిన్నప్పుడు కుక్కలకి ఈలవెయ్యడం నేర్పింది ఆయనే, వాడు నీకు చెప్పలేదా? చెప్పడు, వాడికి గొర్రెలంటేనే పడదు, లారీలూ ఇంజన్లూ. సరే, నీకన్నా పట్టింది, సంతోషం. మర్డో గ్లెన్ ఓర్ గొర్రెల ఎస్టేటులో పెద్ద కాపరి. నేను చేరేటప్పటికి ఆయనకి యాభై, నాకు ఇరవై రెండు. మనిషి బారు, చెవులు ఇంతింత, టోపీ ఆ చెవుల మీద ఆగేది. మాట తక్కువ. పొద్దున్న లేచి బయటికొచ్చి ముక్కు ఎగరేసి గాలి చూసేవాడు. బాబాయ్, ఇవాళెలా ఉంటుంది అనడిగితే, "సాయంత్రం చెప్తా" అనేవాడు. ఆయన జోస్యం చెప్పే రకం కాదు. జోస్యం చెప్పేవాళ్లని చూస్తే నవ్వేవాడు కూడా. కానీ ఎండ మాడ్చేస్తున్న రోజున కూడా ఆయన జీనుకి వాన కోటు కట్టే ఉండేది. చూసేవాళ్లకి పిచ్చిగా ఉండేదనుకో.

నేను చేరిన ఏడు ఏం జరిగిందో చెప్తా, నేనే చెప్పాలి, ఇంకెవరూ మిగల్లేదు. ఇప్పుడు మీరు హెలికాప్టర్ తిప్పి ఒక్క పూటలో మంద దింపేస్తున్నారు. అప్పుడు ఆరుగురం మనుషులం, పద్నాలుగు కుక్కలు, మూడు రోజులు. చలికాలం రాకముందే పైనున్న తల్లిగొర్రెలన్నిటినీ కిందికి తోలుకు రావాలి. మర్డో గురువారం మొదలుపెడదామన్నాడు. శనివారం నా పెళ్లి. అప్పటికే ఒకసారి ఉన్ని కత్తిరింపులు అడ్డొచ్చి వాయిదా వేశాం. మీ నాన్నమ్మ రోనా సంగతి నీకు తెలుసుగా, ఎంత నెమ్మదిగా మాట్లాడితే అంత భయపడాలి. "ఎవాన్, ఈసారి కూడా గొర్రెలే ముఖ్యమైతే వాటినే చేసుకో" అంది, ఎంతో నెమ్మదిగా. మళ్లీ హాలు దొరకాలంటే జూన్, నడి చలికాలం. పాస్టరు గారు నలభై మైళ్ల నుంచి రావాలి. వెళ్లి మర్డోని అడిగా. ఎలా అడిగాననుకున్నావు, లాయంలో ఆయన గుర్రానికి డెక్క శుభ్రం చేస్తుంటే, ఆ డెక్కతో మాట్లాడినట్టు అడిగా. బాబాయ్, సోమవారం మొదలుపెడితే ఏమవుతుంది, పైన గడ్డి ఇంకా బాగుంది కదా అని. ఆయన ఆ డెక్క కింద పెట్టాడు. బయటికెళ్లి ఆకాశం చూసొచ్చాడు. నీలంగా అద్దంలా ఉంది. "సరే, సోమవారం" అన్నాడు. ఎవరికీ కారణం చెప్పలేదు. నన్నూ చెప్పమనలేదు.

పెళ్లి రోజు ఎండ, అబ్బో. వాయవ్యం గాలి, వేడి గాలి, పొయ్యి మూత తీసినట్టు. మగాళ్లందరూ కోట్లు విప్పి చర్చి గోడ మీద పడేశారు. రాంకిన్ అమ్మగారు, అంటే గ్లెన్ ఓర్ యజమానురాలు, భర్త పోయాక ఎనిమిదేళ్లుగా ఒక్కతే నడిపిస్తున్న మనిషి, ఆవిడ కూడా వచ్చింది, కేకు రెండు ముక్కలు తింది, డాన్సు చేసింది. మర్డో కూడా చేశాడు, గేటు మోస్తున్నట్టు చేశాడు. కానీ పాట పాటకీ బయటికెళ్లి వస్తున్నాడు. తాగడానికేమో అనుకున్నారు అందరూ. నేను చూశా, గుమ్మంలో నిలబడి దక్షిణం వైపు చూస్తున్నాడు. నాలుగింటికి గాలి ఆగిపోయింది. ఆగిపోయిందంటే జెండా గుడ్డ కూడా కదల్లేదు. ఐదింటికి దక్షిణపు గాలి దిగింది, మంచు మోసుకొచ్చే గాలి. హాలు తలుపులు ధడాలున కొట్టుకుని మూసుకున్నాయి, ఆడవాళ్ల టోపీలు ఎగిరిపోయాయి, అందరూ పకపకా నవ్వుతున్నారు. నేను నవ్వలేకపోయా. మీ నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, ఏమైంది, నన్ను చేసుకున్నందుకు అప్పుడే బెంగా అంది. మేము గ్లెన్ ఓర్‌లో మా గుడిసెకి చేరేసరికి వాన మంచయింది. ఆదివారమంతా పడింది. డునెడిన్‌కి హనీమూన్ అనుకున్నాం, గుమ్మం దాకా వెళ్లలేకపోయాం.

సోమవారం తెల్లారేసరికి తెరిపిచ్చింది. పన్నెండొందల తల్లిగొర్రెలు పైనే ఉన్నాయి, అదీ నీడ వాలు మీద. అక్కడ ఇంత మంచులో నాలుగు రోజులుంటే చావే, నీకు చెప్పక్కర్లేదు. ఆ మంద పోతే గ్లెన్ ఓర్ పోయినట్టే, అమ్మగారికి వేరే ఆధారం లేదు. ఆవిడ దొడ్లోకి వచ్చింది, భర్త బూట్లు వేసుకుని. మేము ఆరుగురం వరసగా నిలబడ్డాం. "గురువారం దింపాల్సిన మంద. ఎవరాపారు?" అంది. మర్డో ఒక అడుగు ముందుకేసి, "నేనే అమ్మా" అన్నాడు. ఎందుకు అందావిడ. "గడ్డి బాగుందనిపించింది" అన్నాడు. "ముప్ఫై ఏళ్ల కాపరివి. మంద పోతే నువ్వూ పోవాల్సిందే" అంది. ఆయన తలూపాడు. నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డా. ఇరవై రెండేళ్ల వెధవని, రెండు రోజుల పెళ్లికొడుకుని, ఒక్క మాట అనలేకపోయా. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది, తల్లీ, ఎక్కడికీ పోలేదు.

మంచు తొడల దాకా ఉంది. కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకున్నాం, లోపల మీ నాన్నమ్మ వాళ్ల నాన్న మేజోళ్లు మూడు జతలు వేసి పంపింది. నీకు దారి తొక్కడం ఎలాగో తెలీదు కదూ? ఒకరి వెనకాల ఒకరు వరసగా నడవాలి. ముందువాడు మంచు తొక్కుతాడు, వెనకవాళ్లు దాన్ని గట్టి చేస్తారు. ముందువాడు వంద అడుగులు తొక్కి పక్కకి తప్పుకుంటాడు, అందరూ దాటాక వరస చివర చేరతాడు. తర్వాతవాడు ముందు. అదీ పద్ధతి. ఎవడూ అలిసిపోయానని అనక్కర్లేదు, వంద అయింది, తప్పుకున్నాడు, అంతే. గొర్రెల దాకా ఒక దారి, అక్కణ్ణుంచి ఉత్తరం వైపు ఎండ వాలు మీదికి ఇంకో దారి. అక్కడ మంచు తొందరగా కరుగుతుంది, గడ్డి తేలుతుంది. మర్డో ముందు, ఆయన వెనక నేను. వంద అయింది. ఆయన తప్పుకోలేదు. నూట యాభై. రెండొందలు. వెనకనుంచి ఎవరో "మర్డో, వందయింది" అన్నారు. వినిపించుకోలేదు. మూడొందలయ్యేసరికి ఆయన వగర్పు నాకు వినిపిస్తోంది, ఎద్దు వగర్చినట్టు. ప్రతి అడుగూ మోకాలు గుండెదాకా ఎత్తి వేస్తున్నాడు. ఆ మనిషి తనకి తను శిక్ష వేసుకుంటున్నాడని నాకర్థమైంది. చస్తాడు, అక్కడే పడి చస్తాడు, నా పెళ్లి కోసం.

అప్పుడు ఆయన వీపుతో చెప్పా. ముఖం చూస్తే చెప్పలేకపోయేవాణ్ణేమో. "బాబాయ్, అడిగింది నేను. అమ్మగారికి నేను చెప్తా" అన్నా. ఆయన వెనక్కి తిరగలేదు. ఇంకో పది అడుగులు వేశాడు. "నువ్వడిగావు. కుర్రాడివి, పెళ్లి నీది, అడుగుతావు. కాదనడానికే నన్ను పెట్టుకున్నారు. నేననలేదు" అన్నాడు. "ఎందుకనలేదు బాబాయ్?" అన్నా. కాసేపు ఊపిరి పీల్చుకుని, "నాకు పాతికేళ్లప్పుడు నేనూ ఇలాగే అడిగా, కాదన్నారు" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేం చెప్పలేదు, ఎవరు కాదన్నారో, ఆ పిల్ల ఎవరో. ఆయన ఒంటిగాడిగానే ఉండిపోయాడు, నీకు తెలుసా? ఎందుకని ఊళ్లో ఎవరూ అడిగినట్టు లేదు. "అయితే నన్ను ముందుకి రానివ్వు, సగం మంచు నాది" అన్నా. ఆయన ఆగాడు. తిరిగి చూశాడు, పెదాలు నీలంగా, కనుబొమ్మల మీద మంచు పేరుకుపోయి. పక్కకి తప్పుకున్నాడు. "వందే. నూట ఒకటో అడుగు వేశావంటే కాళ్లిరగ్గొడతా, నీ పెళ్లాంతో నువ్వే చెప్పుకో" అన్నాడు. ఆ వంద అడుగులూ ఎలా తొక్కానో, ఏడుస్తూ తొక్కా. తర్వాత మాలో డేవిడ్ అనేవాడు, తర్వాత ఇంకోడు, పద్ధతి ప్రకారం. మర్డో వరస చివరికెళ్లి తొక్కిన దారిలో నడిచాడు.

గొర్రెలు ఒకదానికొకటి అతుక్కుని నిలబడున్నాయి. ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీకి తింటున్నాయి, వీపులు అక్కడక్కడ బోడిగా. అసలు కనపడనివి కూడా ఉన్నాయి. మంచులో చిన్న చిన్న పసుపుపచ్చ బొక్కలుంటే అది లోపలున్నదాని ఊపిరి అన్నమాట. నా కుక్క జెడ్ ఒక్కతే పాతిక చోట్ల గోకి చూపించింది. తవ్వితీశాం. ఎండ వాలుకి దారి తొక్కేశాం, మధ్యాహ్నం రెండయింది. అవేమో కదలవు. తోలితే ఇంకా దగ్గరికి ముడుచుకుంటాయి, కుక్కలు మొరిగినా అంతే. మర్డో మందలోకెళ్లి ఒక ముసలి తల్లిగొర్రెని ఎంచుకున్నాడు, పళ్లు ఊడినదాన్ని. ఎత్తుకొచ్చి దారి మొదట్లో నిలబెట్టి, దానికి ముందు తను నడిచాడు, వెనక్కి చూడకుండా, నీతో పనిలేదన్నట్టు. అది నిలబడి చూసింది, చూసింది. ఒక కాలు వేసింది. ఇంకో కాలు. దాని వెనక ఇంకోటి. ఇక అంతే, ఉండలోంచి దారం లాగినట్టు ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి. చివరిది దాటేసరికి పొద్దు వాలింది. ఇంత చేసిన ఆకాశం ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది చూడు, ఆ ఎండ వాలు మీద అప్పటికే గడ్డి దుబ్బులు బయటపడ్డాయి, అవి తినే చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. ముప్ఫై ఏడు పోయాయి. పన్నెండొందల్లో ముప్ఫై ఏడు.

రాంకిన్ అమ్మగారు గుర్రం మీద కొండ మొదటికొచ్చి పొద్దుట్నుంచీ అక్కడే ఉంది. మేము కొండ దిగీ దిగగానే నేను వెళ్లి టోపీ తీసి, అందరి ముందూ చెప్పేశా. ఆపించింది నేను, నా పెళ్లి కోసం, మర్డోని పంపొద్దు అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "గురువారం కొండెక్కాల్సిన వాళ్లు శనివారం నా పక్కన డాన్సు చేస్తుంటే నాకు కళ్లు లేవనుకున్నావా? తెలిసే కేకు తిన్నాను" అంది. మరి పొద్దున్న ఆయన్నెందుకలా తిట్టారమ్మా అన్నా. "నన్ను నేను తిట్టుకుంటే వినేవాడెవడు" అని, మర్డో వైపు తిరిగి, "లోపలికి రా, పులుసు కాగుతోంది" అంది. క్షమాపణ చెప్పడం ఆవిడకి రాదు, ఆయనకి తీసుకోవడం రాదు. రెండు గిన్నెలు తిన్నాడు.

ఆ మరుసటేడు నుంచీ, మంద దింపడానికి రోజు పెట్టేముందు మర్డో అందరినీ నిలబెట్టి అడిగేవాడు. "ఈ ఏడు ఎవరికైనా పెళ్లుందా?" అని. నవ్వకుండా అడిగేవాడు. ఉందంటే, ఆ పెళ్లికి వారం ముందే మంద కిందికి దిగేది. ఒకసారి మా వంటవాడు తనకి పెళ్లని అబద్ధం చెప్పి వారం ముందు పని ముగించేసి, తర్వాత పెళ్లికూతుర్ని చూపించమంటే పారిపోయాడు. పద్దెనిమిదేళ్లు అడిగాడు అలాగ. తర్వాత ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రిలో పడ్డాడు, పెద్ద కాపరి పని నాకొచ్చింది. ఏప్రిల్లోనే. చూడ్డానికెళ్తే మాట సరిగ్గా పైకి రావడం లేదు, వేలితో దగ్గరికి రమ్మన్నాడు. ఎవరికైనా పెళ్లుందా అన్నాడు. లేదు బాబాయ్, వచ్చే గురువారం దింపుదామనుకుంటున్నా అన్నా. కిటికీలోంచి చూశాడు, ఒక్క మబ్బు ముక్క లేదు. "నాకో పనుంది. ముందే దింపు" అన్నాడు. నాకర్థం కాలేదు, బుర్ర తక్కువవాణ్ణి. అయినా ఆయన మాట కాదనలేక సోమవారమే మొదలుపెట్టాం, కుర్రాళ్లు సణుక్కున్నారు కూడా. బుధవారం సాయంత్రం ఆఖరి గొర్రె గేటు దాటాక వెళ్లి చెప్పా, అన్నీ కిందే ఉన్నాయి బాబాయ్ అని. నా చెయ్యి నొక్కాడు. శుక్రవారం పోయాడు.

శనివారం పూడ్చాం. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారో లేదో దక్షిణపు గాలి దిగింది, మంచు మొదలైంది, పెద్ద పెద్ద రేకులు. అక్కడున్నవాళ్లందరూ, పాస్టరు గారితో సహా, తలెత్తి కొండ వైపు చూశారు. అలవాటు, ఏం చేస్తాం. పైన ఒక్క గొర్రె లేదు. రాంకిన్ అమ్మగారు, ఎనభై దగ్గరపడింది అప్పటికి, కర్ర మీద ఆనుకుని పెట్టె మీద పడుతున్న మంచు చూస్తూ, "పడనీ. ఎంత పడుతుందో పడనీ ఇవాళ" అంది. మీ నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను...

ఊఁ. ఆ పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యమ్మా.