నలుగురి పార్టీ

హలో… ఆ, నేనే. వదిననే.

…

గొంతు ఇలాగే ఉంది ఇవాళ. ఏం చెయ్యను… పొద్దుట్నించీ వచ్చినవాళ్ళందరికీ చెప్పిందే చెప్పి, చెప్పి…

…

ఆ. నిజమే. టీవీలో వేసింది నిజమే బాబూ. మీ అన్నయ్య పోయారు.

…

తెల్లారాక. వాకిట్లో కుర్చీ వేసుకుని గడ్డం గీసుకుంటున్నారు. టీ తేనా అని లోపల్నించి అడిగాను, పలకలేదు. రాత్రి ఏదో అన్నానులే, అలిగారేమో అనుకున్నాను. టీ పట్టుకుని వచ్చి చూస్తే… పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. ఒక చెంపకి నురగ అలాగే ఉంది.

…

ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదూ? తీసుకెళ్ళాం. డాక్టరు మణికట్టు పట్టుకుని చూశాడు, వదిలేశాడు. అంతే.

…

మిగతా సగం గడ్డం నేనే గీశాను. ఊరంతా వచ్చి చూస్తారు కదా, అలా ఎలా వదిలేస్తాను… బ్లేడు జారి చిన్న గాటు పడింది. రక్తం రాలేదు బాబూ. అప్పుడు ఏడిచాను. అప్పటిదాకా ఏడవలేదు.

…

ఉన్నావా? హలో?

…

మన బస్సుల టైర్ల గదిలో ఉన్నాను. గడియ పెట్టుకున్నాను. ఇంకెక్కడ మాట్లాడను, ఏ గదిలో చూసినా మా గొడుగు పార్టీవాళ్ళే. వంటింట్లో కూడా. ఈ రబ్బరు వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

…

ఆ, అదే ఫోను. బియ్యం డబ్బా వెనకాల దాచిందే. నీ నంబరు ఇప్పటికీ 'గ్యాస్ కంపెనీ' అనే ఉంది… మావాడు ఒకసారి అడిగాడు తెలుసా, "గ్యాస్ వాళ్ళతో అంతసేపు ఏం నవ్వులమ్మా" అని.

…

ఛార్జింగ్ అయిపోనిచ్చింది లేదు. మీ అన్నయ్య వచ్చి చూసేవారు. "చిన్నోడు చేశాడా?" లేదండీ. "పనిలో ఉండుంటాడు." మళ్ళీ మర్నాడు అదే… ఇన్ని నెలలు మోగలేదు బాబూ. ఇవాళ మోగింది. ఆయన లేరనగానే మోగింది.

…

తెలుసు— తెలుసు, నన్ను చెప్పనీ. మీ నిచ్చెన పార్టీలో నీ మీద అనుమానం మొదలైంది, నీ వెనకాల మనుషుల్ని పెట్టారు. అన్నీ తెలుసు. ఆయనకీ తెలుసు. "అయితే చెయ్యకపోవడమే మంచిది, జాగ్రత్తగా ఉండనీ" అన్నారు. ఫోను చెయ్యలేదని కాదు నా బాధ. ఆ మాట ఎందుకన్నావు?

…

ఏ మాటేమిటి. స్టేడియం దగ్గర సభలో అన్నావే— "అన్న అని పిలవడానికి సిగ్గేస్తోంది" అని.

…

నీ తిట్లన్నీ ఆయన చెప్పినవే కదా! సభకి ముందు రోజు, ఇదే ఫోన్లో, నేను పక్కన కూరలు తరుక్కుంటూ ఉంటే… "నన్ను తుప్పుపట్టిన బస్సు అను, జనం ఈలలేస్తారు" అనేవారు. నువ్వు అలాగే అనేవాడివి. టీవీ ముందు కూర్చుని తొడ కొట్టుకుని నవ్వేవారు. "ఎంత బాగా అన్నాడే వెధవ! నాకంటే బాగా అన్నాడు." ఆ రోజు మాత్రం నవ్వలేదు. నావైపు తిరిగి, "ఇది నేను చెప్పలేదే" అన్నారు.

…

అంతే. లేచి వెళ్ళి బస్సులు కడిగే చోట నిలబడ్డారు, చాలాసేపు.

…

అలాగా. ఎవరో రాసిస్తే చదివేశావా… మైకు ముందు ఆపలేకపోయావా. సరేలే. ఇప్పుడు నిన్ను నిలదీసి ఏం లాభం.

…

కోపమా? ఉంటే బావుండేది. నువ్వు చెయ్యకపోయినా తిట్లు కల్పిస్తూనే ఉన్నారు. మొన్న కూడా, స్నానం చేసి వస్తూ, "ఇదిగో, ఇది వాడికి చెప్పు— గొడుగుకి చిల్లు పడింది, మా అన్నకి తడిసేదాకా తెలీలేదు. బావుందా?" అన్నారు. చెప్తానన్నాను. సాయంత్రం "చెప్పావా, నవ్వాడా" అని అడిగారు. నవ్వాడండీ అని అబద్ధం చెప్పాను.

…

ఊరుకో. ఊరుకో బాబూ. ముందు నేను చెప్పేది విను. ఏడవడానికి ఇంకా చాలా రోజులున్నాయి.

…

సాయంత్రం తీసుకెళ్తారు. మీ వీధి మీదుగా.

…

అది శ్మశానానికి దారి కాదని నాకు తెలీదా. మావాడు పట్టుబట్టాడు. మీ పార్టీ ఆఫీసు ముందు ఆపి, మైకు పెట్టి మాట్లాడతాడట. బాబాయే మా నాన్నని దిగులుపెట్టి చంపేశాడని… మా పెద్ద లీడరు కూడా వస్తున్నాడు. తండ్రి సీటు కొడుక్కే అని అక్కడే, మీ అన్నయ్యని ముందు పెట్టుకుని చెప్తాడట. మావాడి కళ్ళు చూస్తే నేనే గుర్తుపట్టలేకపోతున్నాను.

…

కుర్రాళ్ళు జీపులోకి కర్రలు ఎక్కిస్తున్నారు. కిటికీలోంచి చూశాను. ఏమిటర్రా అంటే జెండా కర్రలండీ అన్నారు. ఒక్కదానికీ జెండా లేదు.

…

పోలీసులా? పోలీసులొస్తే కర్రలు దాచేసి రాళ్ళు తీస్తారు. మీవాళ్ళు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారా?

…

నువ్వు రా.

…

నువ్వే రా. తమ్ముడిలా రా. వెనకాల ఎవరూ లేకుండా, నడిచి రా. వచ్చి ఒకవైపు భుజం పట్టు. తమ్ముడు మోస్తుంటే ఎవరు ఎవరిమీద రాయి వేస్తారు చెప్పు.

…

ఊఁ.

…

ఊఁ. టికెట్ పోతుంది… ఊఁ. అనుమానం నిజమైపోతుంది… పోదూ మరి.

…

మీవాళ్ళు ఎవరైనా వచ్చారా పొద్దున్న?

…

మీ లీడరే వచ్చాడా? ఏమన్నాడు?

…

"ఇంక మనకి అడ్డం లేదు" అన్నాడా. నీతోనే అన్నాడా. చెయ్యి కలిపాడా…

…

నువ్వూ కలిపావా.

…

సరే. ఏం చేస్తావు, కలపకపోతే ఎలా. అర్థమైంది.

…

మామయ్యగారు ఉండుంటే ఒక్కటే అనేవారు, "బస్సులు ఆగకూడదు" అని. ఆ రోజు భోజనాల దగ్గర అన్నట్టే. గుర్తుందా నీకు? ఏ పార్టీ గెలిచినా మన బస్సుల పర్మిట్ల జోలికి ఎవడూ రాకూడదు, పెద్దాడు గొడుగులో ఉండాలి, చిన్నాడు నిచ్చెనలో చేరాలి, రేపట్నించి బయట ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోకండి… నువ్వేమో అప్పడం నమిలే చప్పుడు ఆపి, "మరి ఇంట్లోనో నాన్నా" అన్నావు. నేను వడ్డిస్తున్నాను. కొత్త కోడల్ని. నాకు నవ్వాగలేదు. ఊళ్ళో రెండు పార్టీలు, వాటి లోపల ఎవరికీ తెలియని మన పార్టీ ఒకటి. సభ్యులు నలుగురు. మామయ్యగారు, మీరిద్దరు, నేను. దాగుడుమూతల్లా ఉండేది నాకు.

…

ఇప్పుడు ఇద్దరం మిగిలాం.

…

గేటు దగ్గర ఎవరు కూర్చున్నారో తెలుసా? మన పోస్టర్లు అంటించేతను.

…

ఆ, అతనే. కన్ను పోయినతను. పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "చిన్నాయన మనుషులు ఈ గేటు దాటాలంటే నా రెండో కన్ను కూడా పీకాలి" అంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "అమ్మా, మీరు ధైర్యంగా ఉండండి, నేనున్నాను" అన్నాడు. నాకు తలెత్తి చూడ్డం చేతకాలేదు.

…

నువ్వు కొట్టించావని నేను అన్నానా? మీ కుర్రాళ్ళకేం తెలుసు, గొడవ నిజమే అనుకున్నారు. పోస్టరు చింపారు, అతను అడ్డం వెళ్ళాడు. అతనూ నిజమే అనుకున్నాడు. ఊరంతా నిజమనుకునే కొట్టుకుంది. మనమే తలుపులేసుకుని నవ్వుకున్నాం.

…

ఆ రోజు ఆసుపత్రి నించి వచ్చి మీ అన్నయ్య అన్నం ముట్టుకోలేదు. మామయ్యగారి ముందు నిలబడి, "ఇంక చాలు నాన్నా, చెప్పేద్దాం" అన్నారు. మామయ్యగారు ఏమన్నారో నీకు తెలీదు, నువ్వు లేవు అక్కడ. "చెప్పి, ఆ కన్ను ఎందుకు పోయిందంటావురా వాడికి?" అన్నారు. అప్పుడే ఆపుండాల్సింది. అది అప్పుడు ఆగక, ఇదిగో, మావాడి దాకా వచ్చింది.

…

వాడికి నువ్వంటే ఏం తెలుసు చెప్పు? వాడు పుట్టినప్పుడు దొంగలా పెరటి గోడ దూకి వచ్చి చూసి వెళ్ళావు. మోచెయ్యి గీరుకుపోతే నేనే పసుపు పెట్టాను. ఆ తరవాత ఒక్కనాడు ఎత్తుకున్నావా? ఎలా ఎత్తుకుంటావులే. వాడికి తెలిసిందల్లా మైకులో నీ గొంతు. వాళ్ళ నాన్నని తిట్టే గొంతు. బళ్ళో పిల్లలు నీ మాటలు అప్పజెప్పి వీణ్ణి ఏడిపించేవారు. ఇంటికొచ్చి ముఖం కడుక్కునేవాడు, మాకు చెప్పేవాడు కాదు… వాళ్ళ నాన్నేమో పక్కగదిలో ఇంకో తిట్టు కూరుస్తూ ఉండేవారు.

…

అందుకే చెప్తున్నాను. నువ్వు రాకపోతే నేను వాడికి చెప్పేస్తాను. ఇవాళే. ఆయన్ని గుమ్మం దాటించకముందే.

…

తెలుసు. రెండు పార్టీలూ కలిసి మనల్ని పీక్కుతింటాయి. తెలుసు.

…

బస్సులు ఆగితే ఆగనీ.

…

మాటా? మామయ్యగారికి మాటిచ్చింది మీరిద్దరు. నన్నెవరు అడిగారు బాబూ? వడ్డించమన్నారు, వడ్డించాను. ఫోను దాచమన్నారు, దాచాను. ఇంక నావల్ల కాదు. ఆ కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఒక్కడి కన్ను పోయిందనుకో… ఆ తల్లికి వెళ్ళి నేనేం చెప్పను? మా ఆయనా మా మరిదీ ఫోన్లో నవ్వుకునేవారమ్మా అని చెప్పనా?

…

బాబూ?

…

ఏడువు. గట్టిగానే ఏడువు, ఎవరున్నారక్కడ.

…

అదేమిటి, నీళ్ళ చప్పుడు? బాత్రూంలో ఉన్నావా… బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకున్నావా. అయ్యో. నేను టైర్ల మధ్య, నువ్వు బాత్రూంలో. ఆయన కోసం ఏడవడానికి మనకి దొరికిన చోట్లు ఇవీ.

…

ఉండు— తలుపు కొడుతున్నారు.

…

ఆ, వస్తున్నా నాన్నా! …బాబూ, మావాడు. పెట్టకు. నా మాట విని ఫోను పెట్టెయ్యకు.

…

ఏం లేదురా, తల తిరుగుతుంటే ఇటొచ్చాను. లీడరుగారు వస్తే కూర్చోమను… ఏ ఫోనా? ఇది నాదే. ఎప్పట్నించో ఉంది. తలుపు వెయ్యి ముందు… వెయ్యమన్నానా.

…

మీ బాబాయ్‌తో మాట్లాడుతున్నాను.

…

అరవకు! బయట జనం ఉన్నారు. నాన్న ఇంకా ఇంట్లోనే ఉన్నారు, అరవకు.

…

నేను నోటితో చెప్తే నువ్వు నమ్మవు. తీసుకో. చెవి దగ్గర పెట్టుకో. ఏమీ అనకు, ఊరికే విను.

…

వినపడుతోందా?

…

నాటకం కాదురా. నాటకం ఇన్నాళ్ళూ అయింది. ఇది కాదు.

…

ఎందుకు ఏడుస్తున్నాడేమిటి… వాళ్ళన్నయ్య పోయాడురా.

…

కూర్చో. ఆ టైరు మీదే కూర్చో, ఫర్వాలేదు, బట్టలు మాసిపోతే మాసిపోనీ. ఇలా ఇవ్వు ఫోను. ఇవ్వు నాన్నా.

…

బాబూ… విన్నాడు. గోడవైపు చూస్తున్నాడు. అచ్చం ఆయనలాగే.

…

లేదు, నిన్ను ఇంక అడగను. సాయంత్రం దాకా ఉంచుతారు. రావాలనిపిస్తే రా, లేదంటే లేదు. నేను మాత్రం ముందు వీడికి మొత్తం చెప్పాలి. ఆ తరవాత గేటు దగ్గరికెళ్ళి అతనికి చెప్పాలి. అతనికి నేనే చెప్పాలి, వేరేవాళ్ళు చెప్పకూడదు.

…

ఏమంటాడో తెలీదు. కొడతాడో, వెళ్ళిపోతాడో… ఆ కన్ను ఎందుకు పోయిందని అడిగితే మాత్రం, నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్తాను.

…

ఆ.

…

ముఖం కడుక్కో. కుళాయి కట్టెయ్యి.

…

ఉంటాను బాబూ.