ఎలుగు కరిచిన మంచు మనిషి

కోత మిల్లులో ఏనాడో రిటైరైనా బోల్తెజార్ కోతలు మాత్రం మానలేదు. కొచేవ్యె అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికంటే బాగా ఓజ్బేకి తెలుసు. తెలిసి కూడా ఆ ఆదివారం, చర్చిలో ప్రార్థన అయ్యాక, తన భార్య త్సిల్కా నడిపే హోటల్లో పొయ్యి పక్కన కుర్చీ లాగి బోల్తెజార్‌ని కూర్చోబెట్టి, ప్లం సారా తనే గ్లాసులో పోశాడు. అవసరం అలాంటిది మరి.

ఓజ్బే ఊరి అగ్నిమాపక దళానికి కెప్టెన్. డిసెంబరు వచ్చిందంటే యూనిఫాం వేసుకుని ఇంటింటికీ తిరిగి దళం వాళ్ల క్యాలెండర్ ఇచ్చి రావాలి. పోయినేడు జనవరి పేజీకి మంచు ఫొటో తనే తీశాడు. తెల్లటి మంచు కెమెరాలో బూడిద రంగులో పడింది. ఏ గడప తొక్కినా "ఇదేం సిమెంటు గోడౌను, కెప్టెన్?" అనే అడిగారు. పాపం, ఏడాదంతా తలెత్తుకు తిరగలేకపోయాడు. ఈసారి తొందరగానే మంచు పడింది గానీ, రేపు పొద్దున్నే అచ్చుకి పంపాల్సిన క్యాలెండర్లో జనవరి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. బోల్తెజార్ మెళ్లో కెమెరా వేలాడుతోంది.

"ఫొటో తీశావట కదా బావా," అన్నాడు ఓజ్బే.

"ఏముందిలే, చిన్న పనే," బోల్తెజార్ కెమెరా బల్ల మీద పెట్టి గ్లాసందుకున్నాడు. "తెల్లారగట్ల లేచి, బ్యాటరీ చంకలో పెట్టుకుని, చలికి చచ్చిపోతుంది కదా పాడుది, అలా అడవిలోకి నడిచా. చూద్దును గదా, ఓ ఎండుకొమ్మ మీద మంచు వెంట్రుకలు మొలిచి ఉన్నాయి! పట్టుకుచ్చులా, ఎంత తెల్లగానో."

"అవి నిజంగానే మొలుస్తాయి," అన్నాడు యోష్ట్. అడవి గార్డుగా చేసి మానేసిన ముసలాయన, పక్క బల్ల దగ్గర సాసేజీ తింటున్నాడు. "నేనూ చూశా."

"నువ్వు చూసింది వేలెడు మావా. ఇది మూరెడు! ఊపిరి తగిలితే కరిగిపోతాయని ఊపిరి బిగబట్టా. ఎంతసేపనుకున్నావ్? ప్రార్థన గంట మొదలైన దగ్గర్నుంచి జనం బయటికొచ్చేదాకా!"

"ఓహో, చర్చికి ఎగ్గొట్టింది ఇందుకా!" అంది త్సిల్కా వంటింటి గుమ్మంలోంచి.

"దేవుడు అడవిలో లేడా చెల్లెమ్మా? విను ముందు. నేను చూస్తుండగానే మూరెడు కాస్తా బారెడయింది. కెమెరాకి అడ్డం పడిపోతోంది. ఇక లాభం లేదని జడ వేశా."

"మంచుకి?"

"మూడు పాయల జడ! నీకంటే బాగా కుదిరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే, ఎలుగుబంటి!"

"ఈ చలికి ఎలుగులన్నీ గుహల్లో పడుకుని ఉంటాయిరా," అన్నాడు యోష్ట్.

"పడుకునే ఉందట మావా! నా కెమెరా చప్పుడుకి నిద్ర చెడింది. కళ్లు నులుముకుంటూ వచ్చి గుర్రుమని చూసింది. నేను భయపడే రకమా? 'ఫొటో' అన్నా. అంతే, మెత్తబడిపోయింది! ఒళ్లంతా మంచు దులుపుకుని, అటు తిరిగి ఒకటి తీయించుకుంది, ఇటు తిరిగి ఒకటి తీయించుకుంది. ఎడమవైపు నుంచి అయితే అందంగా పడతానని మూతి తిప్పి మరీ చూపించింది."

ఓజ్బే గ్లాసు నింపాడు. ఎలుగు సంగతి ఎలా ఉన్నా, ఇందులో ఒక్క ఫొటో నిజమైనా చాలు, గట్టెక్కుతానని ఆశ.

"అదే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది బావా. ఎక్కడికి? మంచు స్తంభాల మండపంలోకి! ఒక్కో స్తంభం మన చర్చి గోపురమంత. ఆ స్తంభాల మధ్య నిలబడి ఉన్నాడు, మంచు మనిషి! తల లేదు. చేతుల్లేవు. నడుం నుంచి కిందికి రెండే రెండు కాళ్లు, తాటిచెట్లంత! ఎలుగుకీ వాడికీ ఏం పాత కక్షలో, చూడగానే ఉరికి వెనకవైపు కసుక్కున కరిచింది. ఎర్రగా రక్తం! కారకముందే గడ్డకట్టింది, అంత చలి. క్లిక్‌మనిపించా!"

ఓజ్బే ఇక కూర్చోలేకపోయాడు. గోడమీది పటం వైపు చెయ్యి చాచాడు. అందులో సెయింట్ ఫ్లోరియన్ మండుతున్న ఇంటి మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరిస్తున్నాడు. ఆయన మీద ఒట్టేసి తప్పినవాడి పంపులోంచి చుక్క నీరు రాదని దళంలో గట్టి నమ్మకం.

"ఫ్లోరియన్ మీద ఒట్టు! ఆ మంచు మనిషి నీ కెమెరాలో ఉంటే, ఉన్నదున్నట్టు జనవరి పేజీలో వేస్తా!"

బోల్తెజార్‌కి పొలమారింది. "ఇప్పుడే చూపిద్దును బావా... ఏం చెయ్యను, చలికి బ్యాటరీ చచ్చింది."

మళ్లీ సిమెంటు గోడౌనే గతి అనుకున్నాడు ఓజ్బే.

"చచ్చిందని చూసే, నువ్వు జడ వేస్తున్నప్పుడే బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నానన్నా," అంది త్సిల్కా ఏప్రన్ జేబు తడుముకుంటూ. "ఇప్పటిదాకా పొయ్యి ముందే నిలబడ్డా. వెచ్చబడితే అదే లేచి కూర్చుంటుంది."

"నీకెందుకమ్మా శ్రమ..." అంటూ బోల్తెజార్ చెయ్యి చాచేలోపే బ్యాటరీ కెమెరాలో పడింది. తెర వెలిగింది.

అందరూ మూగారు. తొలిపొద్దు వెలుగులో మంచు మంచులాగే ఉంది, పాలనురగంత తెల్లగా. వెనక ఫర్ చెట్లు. ముందు మెరుస్తూ మంచు స్తంభాలు. వాటి మధ్య తల లేకుండా, ఒళ్లంతా తెల్లటి నూగుతో, కాళ్లు ఎడంగా పెట్టి ఠీవిగా నిలబడి ఉన్నాడు మంచు మనిషి. వెనకవైపు ఎర్రటి గాయం కూడా ఉంది.

"ఉన్నాడు!" ఓజ్బేకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. "నిజంగానే ఉన్నాడు!" బోల్తెజార్‌ని గట్టిగా వాటేసుకున్నాడు. బోల్తెజార్ మాత్రం తలుపు ఎంత దూరముందో చూసుకుంటున్నాడు.

త్సిల్కా తెరని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఎలుగూ లేదు, నా మొహమూ లేదు. ఆ ఎర్రది నేనేసిన మాసిక, నా పాత గౌను గుడ్డ. ఆ స్తంభాలు మన పెరటి చూరుకి గడ్డకట్టి వేలాడే మంచు ఊచలు. నిన్న ఆరేసి మర్చిపోయా, ఆదివారం పూట బట్టల పని ముట్టుకోకూడదని ఇవాళ వదిలేశా." మొగుడి వైపు తిరిగింది. "మంచు మనిషి కాదండీ, మీ లోపలి పైజామా!"

యోష్ట్‌కి నవ్వుతో సారా ముక్కులోంచి వచ్చింది. త్సిల్కా ఏప్రన్‌తో కళ్లొత్తుకుంది. "జడ మాత్రం నిజం," అని గొణిగాడు బోల్తెజార్.

ఓజ్బే పటం వైపు చూశాడు. ఫ్లోరియన్ బకెట్ పట్టుకుని తననే చూస్తున్నట్టనిపించింది. ఒట్టు ఒట్టే. కాసేపటికి అతనికీ నవ్వాగలేదు.

డిసెంబరులో యూనిఫాం వేసుకుని ఇంటింటికీ తిరిగాడు. సిమెంటు గోడౌను అన్నవాళ్లు ఒక్కరు లేరు. అంత తెల్లటి మంచు ఏ క్యాలెండర్లోనూ చూడలేదన్నారు, ఇంకోటి ఇమ్మని అడిగినవాళ్లూ ఉన్నారు. కథ తనకంటే ముందే ఊరంతా తిరిగొచ్చిందని మాత్రం ఓజ్బేకి ఆఖరి గడప దగ్గర తెలిసింది. ఆ ఇంటి ముసలమ్మ జనవరి పేజీ తిప్పి చూసి, లోపలికెళ్లి ఓ ఎర్రగుడ్డ ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"దగ్గరుంచుకో నాయనా, ఎలుగు మళ్లీ కరిస్తే పనికొస్తుంది."