పోయొస్త

2004 ఎండాకాలం. సోమవారం మనవరాలికి చెన్నైలో వీసా ఇంటర్వ్యూ. మేడ్చల్ డిపో వెనక ఇంటి వరండాలో దానికి తాలీము నడుస్తోంది. ఆఫీసరు కుర్చీలో అవ్వ కూర్చుంది.

"మద్రాసుల వీసా దొర గిట్లనే కూసుంటడా?"

"గిట్లనే. ఒళ్లె చింతపండు పళ్లెం మాత్రం ఉండది. ఇగ అడుగు అవ్వా."

"అవ్వ ఎవరే ఈడ? మేడమ్ అను."

"సరే, మేడమ్."

"ఏడికి పోతున్నవ్?"

"లండన్ పోతున్న. మా చర్చి పాటలోళ్లతోని."

"వీసా లేదు, పో."

"గప్పుడేనా? నేనేం తప్పు జెప్పిన?"

"మల్ల అడుగుత. ఏడికి పోతున్నవ్?"

"లండన్ పోతున్న మేడమ్. పాటలు పాడెతందుకు పోతున్న."

"ఈసారి గా మాట రెండుసార్లు అన్నవ్. ఇగ అసలుకే లేదు."

"అవ్వా, నువ్వు సరే అంటెనే పంపుత అన్నడు బాపు. నువ్వేమో ఆటల గూడ పరేషాన్ జేస్తున్నవ్."

"నేను ఆడుతలేను బిడ్డా. షామీర్‌పేటకు పోయేటప్పుడు గడప కాడ ఏమంటవ్?"

"పోయొస్త అంట."

"మరి గంత దూరం పోయేటప్పుడు వచ్చుడెట్ల మరిసినవ్? ఆ దొరకు గావాల్సింది గూడ గదే గద."

"లండన్ పోయొస్త, మేడమ్."

"ఆఁ, ఇచ్చిన వీసా. ఇగ నువ్వొచ్చి గీ కుర్చీల కూసో."

"ఎందుకు?"

"నన్ను గూడ అడుగు. నేను గూడ పోయొస్త."