ఇరవయ్యో పిల్ల

"అవ్వా, ఇరవై మంది పిల్లోళ్ళు లేకుంటే మన సిస్టర్ల బడి మూసేస్తారంట. ముందొకసారి గూడ ఇట్లే అయ్యిందంట గదా?"

అయ్యింది టీచరమ్మా, కాకేం. నేనప్పుడు బడిలో వంట చేస్తాంటి. కోడిగుడ్డు అర్ధరూపాయో, రూపాయో... పోనీలే. మన పత్తికొండ పక్క వానల్లేకుంటే జనమంతా సుగ్గికి పోతారు గదా, గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపేకి. పిల్లోళ్ళను గూడ లారీ ఎక్కిస్తారు. నేనూ పెద్ద సిస్టరమ్మా ఇల్లిల్లూ తిరిగి, అన్నం మేం పెడ్తాం, బడిలోనే పండుకోబెట్టుకుంటాం అని బతిమాలి ఇరవై మందిని నిలిపితిమి. సరిగ్గా ఇరవై.

అప్పుడొచ్చె ఆఫీసరు. ముక్కు మీద కోపం ఆయప్పకు. రిజిస్టర్ తీసుకొని తానే పిలిచె. "శౌరి!" ఎవురూ లేయల్యా. "తెరేజమ్మ!" ఊహూ. చర్చిలో పెట్టిన జ్ఞానస్నానం పేర్లు గదమ్మా రాసిండేది! ఇంట్లో పిలిచేది ఈరన్న, నల్లమ్మ, బుడ్డోడు అనే. సిస్టరమ్మ రోజూ మొగాలు చూసి గీత పెట్టుకునేది గానీ, పేరు పిలిచిందే లేదు. మా తప్పే అది. "లేనోళ్ళ పేర్లు రాసుకున్యారా? మూసేస్తా" అనె.

గంటె చేతిలో ఉండంగనే లోపలికి పోతి. ఎవురికి ఏ పునీతుల పేరు పెట్టింటే, ఆ పునీతుల పండగ నాడు వాళ్ళకే ముందు గుడ్డు పెడ్తాంటి నేను. "ఒరే, శౌరివారి పండగకు ముందు గుడ్డు ఎవురికి పెట్టినా?" అంటి. "నాకు!" అని ఈరన్న ఎగిరి లేచె. "తెరేజమ్మ పండగకు?" "నాకవ్వా!" అట్ల ఒక్కొక్కరే లేస్తాండారు, ఆయప్ప గీతలు కొడ్తాండాడు. పంతొమ్మిది అయినాయి.

"అన్నమ్మ?"

ఎవురూ లేయల్యా. వాకిట్లో పక్కింటి సాయిబుల పాప ఆడుకుంటాండె, మన బడి పిల్ల కాదు. అదో, అదే అన్నమ్మ అని నోటిదాకా వచ్చె. సిస్టరమ్మ నా దిక్కే చూస్తాంది. నా వల్ల కాలేదు. "పోయింది సార్. తెల్లార్తానే వాళ్ళ నాయన లారీ ఎక్కించె. నేను పొయ్యి కాడ ఉండి లేటు చేస్తి, పోయేతలికి కదిలె, ఎనక పరిగెత్తినా నిలపల్యా" అని ఏడిస్తి.

ఆయప్ప పెన్ను మూసి, "ఉగాదికి తిరిగొస్తారు గదా, అప్పుడొచ్చి చూస్తా" అని పోయె. వచ్చె గూడ. అన్నమ్మ లేచి నిలబడె. ఆ చేతులు చూడాలమ్మా, మిరపకాయ ఘాటుకు తోలంతా ఊడి... ఆయప్ప సంతకం పెట్టె. బడి నిలిచె. సంతోషపడల్సింది గదా? నాకు శానా దినాలు అన్నం పోల్యా.

ఇప్పుడెంతమంది ఉండారు? పదిహేడా! లారీ ఎప్పుడంట? ...రేపు తెల్లార్తానేనా? లారీ కాడికి నడిచేకి నాకు చాతగాదు, ఆటో పిలుచు. నాలుగింటికే వచ్చి లేపు బిడ్డా. నీ కడుపు సల్లగుండ, లేటు మాత్రం చేయొద్దు...